పెడల్స్‌లో ఏది ముందు, ఏది వెనక?

నేను మొదటిసారి పెడల్స్ కొన్నప్పుడు డిలే ముందు, ఫజ్ తర్వాత పెట్టాను. సౌండ్ అంతా ముద్దైపోయింది. పెడల్ పాడైందనుకుని వాపస్ ఇవ్వబోయా. తప్పు పెడల్‌ది కాదు, వరుసది.

అసలు ఫజ్ పుట్టిందే పాడైన మెషీన్ నుంచి! మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' 1961లో వచ్చింది. నాష్‌విల్ స్టూడియోలో రికార్డింగ్ జరిగేటప్పుడు కన్సోల్‌లో ఒక ఛానల్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో బరబరమంది. అయినా దాన్ని పాటలో అలాగే ఉంచారు. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ అదే సౌండ్ కావాలన్నప్పుడు వచ్చేలా సర్క్యూట్ చేశాడు. 1962లో గిబ్సన్ దాన్ని మాస్ట్రో ఫజ్-టోన్‌గా అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్' వచ్చాక గిరాకీ పెరిగింది.

1967కి వా పెడల్ కూడా మార్కెట్‌లోకి వచ్చింది. మరి ఏది ముందు? 1969 వుడ్‌స్టాక్‌లో జిమీ హెండ్రిక్స్ వరుస ఇది: గిటార్, వా, ఫజ్ ఫేస్, యూనివైబ్, ఆంప్.

లాజిక్ సింపుల్. కోడ్‌లో లాగే ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్. డిలే ముందుంటే పాత నోట్ల ఎకోలు, కొత్త నోట్లు కలిసి ఫజ్‌లో నలిగిపోతాయి. ఫజ్ ముందుంటే, ఫజ్ అయిన నోటే విడివిడిగా తిరిగి వినిపిస్తుంది.

అంటే ఇప్పుడు అందరూ చెప్పే 'కరెక్ట్ ఆర్డర్' చట్టమేం కాదు, చాలామందికి పనికొచ్చిన అలవాటు. నాష్‌విల్‌లో ఆ బరబరని చెరిపేసి ఉంటే? అందుకే ముందు కేబుల్స్ అటూఇటూ మార్చి వినండి, తర్వాతే తప్పో ఒప్పో తేల్చండి.