నేల టికెట్టు చరిత్ర - 4: ఏనుగుకి బొచ్చు కోటు



1952లో సేలం మోడరన్ థియేటర్స్ వాళ్లు ఒక అమెరికన్ కంపెనీతో కలిసి 'ది జంగిల్' తీశారు. కథలో మంచుయుగం నాటి మామత్‌లు ఉండాలి. చేతిలో డబ్బు తక్కువ. మన ఏనుగులకే బొచ్చు తొడిగేశారు! అమెరికాలో రోజర్ కోర్మన్‌దీ ఇదే దారి. 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' (1960)లో ఎక్కువ భాగం, వేరే సినిమాకి వేసి వదిలేసిన సెట్లో రెండు రోజుల్లో లాగించేశాడు.

మనకి ఆ పని చేసిపెట్టినవాడు విఠలాచార్య. సైన్సు బదులు మంత్రం, అంతే తేడా. 'జ్వాలాద్వీప రహస్యం' (1965), 'జగన్మోహిని' (1978). యలమంచిలిలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని, నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈయన పేరు లేదు. పామరుల వినోదం అంటారు. ఆ పామరులెవరు? నేల టికెట్టు కొన్న మన తాతలు, అమ్మమ్మలు.

అస్థిపంజరం ఆడుతుంటే దాని వెనక తాడు లాగే చెయ్యి తెలిసిపోతుంది. పనిని దాచడానికి డబ్బు లేదు కాబట్టి పని కనబడుతుంది. తాడు పేనేవాడు, డప్పు బిగించేవాడు అది చూసి నవ్వితే అది వెక్కిరింత కాదు. సాటి పనివాడి తిప్పలు తెలిసిన నవ్వు.

అలాగని మన జానపద సినిమాల్ని నెత్తిన పెట్టుకోను. గుడిసెలో పెరిగిన హీరో ఎన్నిసార్లు రాజుగారి కొడుకని తేలలేదు! కోర్మన్ పీతల సినిమాలో ('ఎటాక్ ఆఫ్ ది క్రాబ్ మాన్‌స్టర్స్', 1957) ఆ గొడవ లేదు. రాక్షసి పీత ఎవర్నైనా తింటుంది, పుట్టుక అడగదు.

హాలు మాత్రం అడిగింది. చీకట్లో అందరూ సమానమే అని రాసేవాళ్లు చుండూరు గురించి కూడా రాయాలి. 1991 జులై 4న అక్కడి సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ఆధిపత్య కులస్తుడికి తగిలింది. అక్కడ మొదలై సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, కొన్ని శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈ రెండు తేదీల మధ్యే, జులై 18న, తెలుగువాళ్ల టైమ్ మెషిన్ 'ఆదిత్య 369' విడుదలైంది. అది రాయల కాలానికి వెళ్లింది, 2504కి వెళ్లింది. మనవాళ్లు తెనాలి శిబిరానికి వెళ్లారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది.

వచ్చే భాగంలో: నేల, బెంచి, కుర్చీ. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు కూర్చోబెట్టారు.