చెత్తబుట్టలో ఆహ్వానపత్రిక

"ఉగాది సభకి మెయిలు పంపాం కదండీ!" అంటారు కార్యదర్శి. "మాకేమీ రాలేదే!" అంటారు సభ్యులు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మెయిలు బయలుదేరింది, అవతలి సర్వరు పుచ్చుకుంది కూడా. కాని మనిషి కంటపడకుండా చెత్తబుట్టలోకి పోయింది. ఒక చిన్న సాహితీసంస్థ మెయిలు సర్వరుని చూసుకునే పని నాది కనుక, ఈ తిరకాసు ఎక్కడ పుట్టిందో నాలుగు మాటలు చెబుతాను.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త, ఒక కంప్యూటరు మరొక కంప్యూటరుకి ఉత్తరం ఎలా అందించాలో నియమాలు రాసి ప్రచురించాడు. దాని పేరు ఎస్‌ఎంటీపీ. ఈనాటికీ మెయిళ్ళు నడిచేది ఆ పద్ధతి మీదే. పంపే యంత్రం "ఇది ఫలానావారి ఉత్తరం" అంటే పుచ్చుకునే యంత్రం నమ్ముతుంది. మన ఇన్‌లాండ్ లెటరు వెనక ఎవరైనా ఎవరి పేరైనా రాయొచ్చు కదా, అలాగన్నమాట. ఆనాడు ఆ నెట్‌వర్కులో ఉన్నవి విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు, ప్రభుత్వ కార్యాలయాలు. అందరూ ఎరిగున్నవాళ్ళే అయిన వీధిలో తలుపులకి గడియలు ఎవరు పెడతారు? పైగా, తనది కాని ఉత్తరాన్ని కూడా ముందుకి చేరవేయడం మర్యాదగా భావించేవారు.

అపశకునం అంతకు ముందే కనిపించింది. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మంటూ సుమారు 400 మందికి ఒకేసారి మెయిలు పంపాడు. ఫిర్యాదులు వచ్చాయి, మందలింపు జరిగింది. అప్పటికి అది సరిపోయింది.

1994 ఏప్రిల్ 12న సరిపోలేదు. అరిజోనాలో న్యాయవాదులైన దంపతులు లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ గ్రీన్‌కార్డు లాటరీ గురించిన ప్రకటనని యూజ్‌నెట్‌లో వేలకొద్దీ చర్చాబృందాలకి పంపారు. మనవాళ్ళు రోమన్ లిపిలో తెలుగు కబుర్లు చెప్పుకున్న సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు కూడా ఆ యూజ్‌నెట్‌లోదే. భారతదేశంలో పుట్టినవారికి ఆ లాటరీలో చోటే లేదన్నది వేరే తమాషా. తిట్లు వెల్లువెత్తినా ఆ దంపతులు సిగ్గుపడలేదు సరికదా, ఇలా ప్రకటనలు వేసి ఎలా సంపాదించాలో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. తిట్టుకి లొంగని మనిషి వచ్చాక, మర్యాద మీద నడిచే ఊరికి కాపలా కావలసివచ్చింది.

మొదటి కాపలా నల్లజాబితా. 1997లో పాల్ విక్సీ పూనికతో మ్యాప్స్ అనే సంస్థ జాబితా మొదలైంది. ఆ పేరుని ఇంగ్లీషులో వెనకనుంచి చదివితే స్పామ్ అని వస్తుంది. మెయిలు తెచ్చిన యంత్రం ఐపీ చిరునామా ఆ జాబితాలో ఉంటే తలుపు మూసేయడమే. 1998లో స్పామ్‌హౌస్ వచ్చింది. వీటివల్ల మేలు జరిగింది; ఎవరి ఉత్తరమైనా మోసే సర్వర్లు చాలావరకు మూతపడ్డాయి. కాని ఐపీ చిరునామాలు అద్దె ఇళ్ళ వంటివి. ముందు కాపరమున్నవాడి అప్పులకోసం కొత్తగా దిగినవాడి తలుపు తట్టినట్టు, పాత పాపం కొత్తవాడికి చుట్టుకుంటుంది. ఒక్కొక్కప్పుడు పక్కవాటా వాడి పాపం కూడా!

రెండో కాపలా జల్లెడ. 2001లో జస్టిన్ మేసన్ స్పామ్‌అసాసిన్ విడుదల చేశాడు. ఉత్తరంలో కనబడిన ప్రతి అనుమానానికీ ఇన్ని మార్కులని వేసి, మామూలుగా 5 దాటితే స్పామ్ అని తేలుస్తుంది. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ ఒక వ్యాసం రాస్తూ, 1763లో అచ్చయిన థామస్ బేయ్స్ సంభావ్యతా సూత్రంతో, మాటల్ని లెక్కపెట్టి మంచి ఉత్తరాన్నీ చెడ్డ ఉత్తరాన్నీ వేరుచేయవచ్చని చూపించాడు.

ఇక్కడే తెలుగుకి ఒక చిక్కు వచ్చింది. యూటీఎఫ్-8లో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ దేనికది 3 బైట్లు. పాత మెయిలు నియమాలు ఇంగ్లీషు అక్షరాలకోసం ఏర్పడినవి కనుక, మెయిలు ప్రోగ్రాములు తెలుగు పాఠాన్ని తరచు బేస్64 అనే మూటగా కట్టి పంపుతాయి. జల్లెడకి మాటలు కనబడకూడదని స్పాము పంపేవాళ్ళూ అదే మూట వాడారు. దాంతో అలా మూటగట్టిన పాఠం కనబడితే మార్కులు వేసే నియమం స్పామ్‌అసాసిన్‌లో చేరింది. మనం దాచుకున్నదేమీ లేదు, మన లిపిలో రాసుకున్నాం, అంతే.

మూడో కాపలా సంతకం. ఒక సంస్థ పేరుతో మెయిలు పంపే అధికారం ఏ యంత్రాలకుందో చెప్పే ఎస్‌పీఎఫ్ 2006లో, ఉత్తరం మీద గూఢలిపి ముద్ర వేసే డీకిమ్ 2007లో ప్రమాణ పత్రాలుగా వెలువడ్డాయి. ఆ రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పే డీమార్క్ 2012లో వచ్చింది. 2014 ఏప్రిల్‌లో యాహూ, ఆ పరీక్ష తప్పిన తన పేరిటి మెయిళ్ళని తిరస్కరించమని ప్రకటించింది. మెయిళ్ళ ద్వారా నడిచే చర్చాబృందాలు సభ్యుడి ఉత్తరం చివర తమ పేరు చేర్చి పంచుతాయి. ఆ ఒక్క పంక్తితో ముద్ర చెదిరిపోతుంది. అలా ప్రపంచమంతటా బృందాల్లో నిజాయితీపరుల ఉత్తరాలు తిరుగుటపాలో వచ్చాయి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు పెద్దయెత్తున పంపేవారందరికీ ఈ మూడూ తప్పనిసరి చేశాయి. స్పాము ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉండాలి. 300 మంది సభ్యులున్న సంస్థలో ఒక్కరు విసుగొచ్చి స్పామ్ మీట నొక్కితే ఆ లెక్క దాటినట్టే.

కాపలాలు వద్దనను. అవి లేకపోతే ఎవరి పెట్టెలోనూ ఊపిరాడదు. కాని సంతకం ఎవరు పంపారో చెబుతుందే గాని, మంచివాడో కాదో చెప్పదు. స్పాము పంపేవాడూ ముద్ర వేయించుకోగలడు. వాడికి అది వ్యాపారం ఖర్చు. చిన్న సంస్థకి అది ఒక స్వచ్ఛంద కార్యకర్త శనాదివారాలు. 1982లో అందరినీ నమ్మారు. ఇప్పుడు నమ్మకం కొద్దిమంది పెద్ద సంస్థల చేతిలో ఉంది. మాకు జవాబు చెప్పే మనిషి అక్కడ ఉండడు, అభ్యర్థన నింపడానికి ఒక పత్రం ఉంటుంది. అందుకే చాలామంది సొంత సర్వర్లు మూసి పెద్దల పంచన చేరారు.

సభ్యుల చేతిలో మాత్రం ఇంకా కొంత బలం ఉంది. చెత్తబుట్టలో కనబడిన తెలుగు ఉత్తరాన్ని "స్పామ్ కాదు" అని బయటికి తీయడం, చిరునామాని తమ జాబితాలో చేర్చుకోవడం, అక్కర్లేకపోతే స్పామ్ మీటకి బదులు విరమించుకునే మీట నొక్కడం. యంత్రాలు మంచిచెడ్డలు నేర్చుకునేది మన వేళ్ళనుంచే.