కీళ్లు బిగిసిన పల్లెల చరిత్ర

వేసవిలో మన నూజివీడు తోటల్లో చిక్కం కర్రతో రసాలు, బంగినపల్లి కాయలు కోసేవారిని గమనించండి. మెడ వెనక్కి వాలుతుంది, భుజం పైకి లేస్తుంది, మోచేయి ముడుచుకుంటుంది, మోకాలు వంగుతుంది. ఒక్క కాయను దింపడానికి ఇన్ని కీళ్లు కలిసి పనిచేయాలి.

ఈ కీళ్లను మన పూర్వులు ఏనాడో వర్గీకరించారు. శరీరంలో 210 సంధులున్నాయని సుశ్రుత సంహిత లెక్కించింది. వాటిని కదిలేవి, కదలనివి అని విభజించి, ఆకారాన్ని బట్టి ఎనిమిది రకాలుగా పేర్కొన్నది. భుజం, తుంటి కీళ్లకు అది పెట్టిన పేరు ‘ఉలూఖలం’, అంటే రోలు. గుంటలో అమరిన గుండ్రని ఎముక తల అన్ని వైపులకూ తిరుగుతుంది. నేటి పాఠ్యపుస్తకాలు దానినే బంతిగిన్నె కీలు అంటున్నాయి. మోచేయి, మోకాలు తలుపు బందువలె ప్రధానంగా ఒకే దిశలో కదిలే మడతబందు కీళ్లు. తలను పక్కలకు తిప్పేది మెడలోని బొంగరపు కీలు. వెన్నుపూసల నడుమ ఉన్నవి కొద్దికొద్దిగా కదిలే జారెడు కీళ్లు. పుర్రె ఎముకల అతుకులు మాత్రం కదలవు; మెదడుకు రక్షణ కావాలి కనుక అవి కదలకపోవడమే మేలు.

మరి కదలవలసిన కీళ్లు కదలకుండా పోతే? ఆ విషాదం తెలుగు నేలపైనే సంభవించింది. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగక, మెడ తిరగక మంచం పట్టినవారిని షార్ట్, పండిట్, రాఘవాచారి పరిశీలించారు. తాగునీటిలోని ఫ్లోరైడే ఇందుకు మూలమని 1937లో ప్రకటించారు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ ఎముకలను మందపరుస్తుంది. కీళ్లను పట్టి ఉంచే స్నాయువులను సైతం ఎముకవలె గట్టిపరుస్తుంది. అప్పుడు వెన్నుపూసలు ఒకే కర్రలా బిగిసిపోతాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ ప్రాంతపు ఫ్లోరోసిస్ బాధితుల్లో మోకాళ్లు లోపలికి వంకరపోవడాన్ని నమోదు చేశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే స్థిరపడింది: ‘నల్గొండ విధానం’.

ఈ చరిత్ర మనకు ఎందుకంటారా? ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీటిని కాచినా పోదు. బిగిసిన వెన్నును తిరిగి వంచగల మందు నేటికీ లేదు. కీళ్ల నొప్పులన్నీ ఫ్లోరోసిస్ కావు, నిజమే. అయినా మీ ఇంటిల్లిపాదీ బోరునీరే తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది, 1.5 దాటితే ఆ నీరు తాగడం మానండి. నెల్లూరు పల్లెలకు ఆ సంగతి నడుములు బిగిసిన తరువాత తెలిసింది. మీకు ముందే తెలుసుకొనే వీలుంది.