ఈల ఎవరికి వినిపించాలి?

మనకి ఈల అంటే సినిమా హాల్లో గోల. లేదంటే కాలేజీ గేటు దగ్గర అమ్మాయిలకి తలనొప్పి. 1970ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో పేటలో మాత్రం అది ప్రాణం కాపాడే వస్తువు. ఎవరైనా మీద పడితే ఊదాలి. విన్నవాళ్లు తమ ఈలలూ ఊదుకుంటూ అటే పరుగెత్తాలి. అంతే నియమం.

పోలీసుల్ని పిలవొచ్చుగా? ఆ రాష్ట్రంలో స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది 1976లోనే. అంతవరకూ గేలని పట్టుకెళ్లిందే పోలీసులు. 1977 జూన్‌లో రాబర్ట్ హిల్స్‌బరో అనే తోటమాలిని కొందరు కుర్రాళ్లు బూతులు తిడుతూ కత్తితో పొడిచి చంపేశారు. అతను ఇల్లు చేరబోతున్నాడప్పుడు.

‘బటర్‌ఫ్లై బ్రిగేడ్’ పేరుతో కొందరు రాత్రిళ్లు గస్తీ తిరిగారు. చేతిలో ఆయుధాల్లేవు. ఈల, నోటుబుక్కు ఉండేవి. కార్లలోంచి తిట్టిపోయేవాళ్ల నంబర్లు రాసుకునేవారు.

1979 మార్చిలో పెగ్స్ ప్లేస్ అనే లెస్బియన్ బార్‌లో ఆడవాళ్లని కొట్టిన వాళ్లలో డ్యూటీలో లేని పోలీసులున్నారు. మే 21న, మేయర్ మాస్కోనినీ హార్వీ మిల్క్‌నీ చంపిన డాన్ వైట్‌ది హత్య కాదని జ్యూరీ తేల్చింది. ఊరు భగ్గుమంది. ఆ రాత్రే పోలీసులు కాస్ట్రోలోని ఎలిఫెంట్ వాక్ బార్‌లో దూరి దొరికినవాళ్లని దొరికినట్టు బాదారు. ఇక ఈల వేసి ఎవర్ని పిలవాలి?

ఇక్కడే దారులు చీలాయి. వీధి భద్రంగా ఉండాలంటే పోలీసులు మారాలి, వాళ్లతో మాట్లాడాలి అన్నారు కొందరు. ‘లెస్బియన్స్ అగైనెస్ట్ పోలీస్ వయొలెన్స్’ వాళ్లు మాత్రం అదే లాఠీ నల్లవాళ్ల మీదా, లాటినోల మీదా పడుతోందని గుర్తుచేశారు. మన వీధికి ‘బయటివాడు’ ఎవడో తేల్చేదెవరన్నది వట్టి మాట కాదు. గస్తీ తిరిగేవాళ్లు రోజూ ఎదుర్కొనే ప్రశ్న అది.

అదే ఏడాది ‘కమ్యూనిటీ యునైటెడ్ అగైనెస్ట్ వయొలెన్స్’ పుట్టింది. దెబ్బలు తిన్నవాళ్లకి తోడు నిలబడటం, జరిగింది నమోదు చేయడం దాని పని. 1982 నుంచి నేషనల్ గే టాస్క్ ఫోర్స్ దేశమంతటా ఇలాంటి దాడుల లెక్కలు కూడగట్టింది. 1990 ఏప్రిల్‌లో సంతకమైన ద్వేష నేరాల గణాంకాల చట్టంలో గే, లెస్బియన్ల మీద దాడులూ చేరాయి.

ఆ చట్టం ఎవరికీ శిక్ష వేయదు. లెక్కపెట్టమంటుంది, అంతే. చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఫిర్యాదు చేస్తే పరువు, ఉద్యోగం, ఇల్లు పోయే మనిషి దెబ్బ ఎవరి లెక్కలోకీ రాదు. లెక్కలో లేనిది జరగనట్టే. ఈల పక్కవాడికి వినిపించింది. ప్రభుత్వానికి వినిపించింది మాత్రం నోటుబుక్కే.