గాజుపలక నుంచి డిజిటల్ కెమెరా దాకా

మన పెద్దలు నేటాల్ చెరకు తోటలకు రావడం మొదలై 22 ఏళ్లు గడిచిన కాలమది. 1882 సెప్టెంబరులో దక్షిణాకాశంలో ఒక గొప్ప తోకచుక్క వెలిసింది. పట్టపగలు సూర్యుని పక్కనే కంటికి కనిపించేంత కాంతి దానిది. కేప్‌టౌన్ వేధశాల అధిపతి డేవిడ్ గిల్, అక్కడి ఫొటోగ్రాఫరు ఒకరి సాయంతో, కెమెరాను దూరదర్శినికి కట్టి దాన్ని ఫొటో తీయించాడు. తోకచుక్క బాగానే పడింది. గిల్ చూపు మాత్రం దాని వెనుక గాజుపలకపై పడిన నక్షత్రాల మీదనే నిలిచిపోయింది. ఇన్ని చుక్కలు ఒక్కసారే పడుతుంటే ఆకాశమంతటినీ ఇలాగే ఎందుకు తీయకూడదు?

1887లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు సమావేశమై ఆకాశాన్ని వేధశాలలకు పంచారు. కేప్‌టౌన్‌కూ ఒక వాటా వచ్చింది. చిలీ దేశపు శాంటియాగోకు వచ్చిన వాటా అక్కడ సాగలేదు. దాన్ని తలకెత్తుకున్నది మన హైదరాబాదు!

నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంతంగా నెలకొల్పిన వేధశాల అది. ఆయన 1907లో పోయాక నిజాం ప్రభుత్వం తీసుకొని బేగంపేటలో నడిపింది. 1914 నుంచి పోకాక్, 1918లో ఆయన మరణించాక టి.పి. భాస్కరన్ ఈ పని సాగించారు. ఒక్కో పలకపై రెండు డిగ్రీల చదరం ఆకాశం పడుతుంది. పలక తీయడం ఒక ఎత్తు, దానిపై ఒక్కొక్క చుక్క ఎక్కడుందో కొలిచి రాయడం మరో ఎత్తు. అలా 7,60,000కు పైగా నక్షత్రాలను కొలిచి 12 సంపుటాలు వెలువరించారు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎంత ఓర్పు కావాలో ఊహించుకోండి.

గాజుపలక చాలా ఆకాశాన్ని పట్టేది గాని, తనపై పడిన వెలుగులో నూటికి ఒకటి రెండు పాళ్లే వాడుకునేది. 1969లో బెల్ లేబొరేటరీలలో బాయిల్, స్మిత్ అనేవారు సి.సి.డి. అనే సిలికాన్ బిళ్లను కనిపెట్టారు. ఇది నూటికి 80 పాళ్లకు పైగా పట్టగలదు. అయితే తొలి బిళ్లలు గోరంతవి! పెద్ద దూరదర్శినికి తగిలిస్తే ఆకాశంలో చిన్న ముక్కే పడేది. వెడల్పు కావాలంటే పలక, మసక చుక్కలు కావాలంటే బిళ్ల. ఈ చిక్కు చాలాకాలం వేధించింది.

చివరికి బిళ్లలను నేలపై బండలు పరచినట్టు పక్కపక్కన పేర్చారు. 2012లో చిలీలోని 4 మీటర్ల బ్లాంకో దూరదర్శినికి 570 మెగాపిక్సెళ్ల కెమెరా అమరింది. 2025లో అదే దేశంలోని రూబిన్ వేధశాల తొలి చిత్రాలు వెలువడ్డాయి. దాని కెమెరా చిన్న కారంత ఉంటుంది. 189 బిళ్లలు, 3,200 మెగాపిక్సెళ్లు. నిండు చందమామలు 40కి పైగా పట్టే ఆకాశం ఒక్క ఫొటోలో వస్తుంది. బిళ్లలను సున్నాకు దిగువన 100 డిగ్రీల దాకా చల్లబరచాలి, లేకుంటే వాటి వేడే దొంగ వెలుగుగా నమోదవుతుంది.

మరి హైదరాబాదు శ్రమ ఏమైంది? నక్షత్రం ఎటు కదిలిందో తెలియాలంటే పాత చోటు తెలియాలి. 2000లో వచ్చిన టైకో-2 పట్టిక, 25 లక్షల నక్షత్రాల కదలికలు తేల్చడానికి, ఉపగ్రహం కొలతలతో పాటు పారిస్ పథకపు పాత సంపుటాలనూ వాడుకుంది. హైదరాబాదువీ వాటిలో ఉన్నాయి.

శాంటియాగో వదిలేసిన ఆ పట్టీ, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్యది, నేడు చిలీ కొండ మీది రూబిన్ కెమెరా మళ్లీ మళ్లీ ఫొటో తీయవలసిన ఆకాశంలోనే ఉంది.