అవ్వ బడికి పోలే, మరి పరీక్ష ఎట్ల?

మన కోస్గిలో ఎన్నడూ పెన్సిల్ పట్టని ఒక అవ్వను అనుకోండి. "ఒక వాక్యం రాయి, ఈ బొమ్మ చూసి గీయి" అంటే ఏం చేస్తది? మార్కులు పోతయ్. అది జబ్బా, చదువు లేకపోవుడా?

1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి ఎంఎంఎస్ఈ పరీక్ష తెచ్చారు. 30 మార్కులు, పది నిమిషాల పని. కానీ అది బడికి పోయినోళ్లను చూసి చేసింది. 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం దాన్ని హిందీలోకి మార్చారు. వాక్యం రాయించే బదులు ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు.

2013లో హైదరాబాద్ నిమ్స్ నుంచి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్ల లెక్క బయటపెట్టింది. ఒక్క భాషే వచ్చినోళ్ల కన్నా, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది! తెలుగు, ఉర్దూ కలిసి నడిచే మన ఊళ్లకు ఇది చిన్న మాట కాదు.

1906లో అల్జీమర్ ఒక పేషెంట్ చనిపోయాకే ఆమె మెదడులో అమిలాయిడ్ మచ్చలు చూడగలిగాడు. 2025 మేలో అమెరికా, లక్షణాలున్న 55 ఏళ్లు, ఆపై వాళ్లకు ఒక రక్తపరీక్షను ఒప్పుకుంది. రక్తానికి అక్షరాలతో పని లేదు. కానీ అవ్వ ఇల్లు గుర్తుపడుతుందా, పొయ్యి ఆర్పుతుందా అన్నది రక్తం చెప్పదు. అందుకే నా దృష్టిలో రెండూ కావాలి.

మీ అవ్వ దారి మర్చిపోతుంటే "వయసు" అని వదిలేయకండి. డాక్టర్ దగ్గర ఆమె చదువు, భాషలు ముందే చెప్పండి.