నక్షత్ర పటము – పల్లె చీకటి

ఛాయాచిత్రమునకు వెలుగు కావలెనని అందరు ఎరుగుదురు. కాని రాత్రి ఆకాశమును చిత్రించువానికి మొదట కావలసినది చీకటి. నక్షత్రకాంతి మిక్కిలి స్వల్పము. దీపముల వెలుగు ఆకాశమున వ్యాపించినచో ఆ స్వల్పకాంతి దానిలో మునిగిపోవును. అందుచేత నక్షత్ర ఛాయాచిత్రముల చరిత్ర ఒక విధముగా చీకటిని వెదకుకొనుచు పోయిన మనుష్యుల చరిత్ర. అందులో హైదరాబాదు నగరమునకును, దానికి దూరముననున్న ఒక పల్లెకును పాలు కలదు.

మన కన్ను వెలుగును కూడబెట్టుకొనజాలదు. ఛాయాచిత్రపు గాజు పలక అట్లు కాదు. తనపై పడిన వెలుగును నిమిషముల తరబడి కూడబెట్టును. కనుకనే కంటికి ఆనని చుక్కలు పలకపై కానవచ్చును. అయితే ఒక చిక్కు కలదు. భూభ్రమణముచే ఆకాశము గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచున్నట్లు తోచును. కెమేరాను కదలక నిలిపి చాలసేపు తెరచియుంచినచో చుక్కలు ధ్రువుని చుట్టును వంపు గీతలై పడును. ముందున్న తాటితోపు మాత్రము స్థిరముగా నిలుచును. చుక్క చుక్కగానే పడవలెనన్నచో కెమేరాను గడియారపు యంత్రముతో ఆకాశము వెంట నడపవలెను. అప్పుడు తాటితోపు చెదరిపోవును. నేలను, నింగిని ఒక్క పటమున ఇముడ్చువారికి నేటికిని ఇదియే సమస్య.

1882లో ఒక మహా ధూమకేతువు కనబడినది. దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలాధిపతి డేవిడ్ గిల్, స్థానికుడైన ఒక ఛాయాచిత్రకారుని సాయముతో, కెమేరాను దూరదర్శినికి బిగించి దానిని చిత్రింపజేసెను. తోకచుక్క కొరకు తీసిన ఆ పలకలపై దాని వెనుకనున్న నక్షత్రములు కూడ విస్తారముగా పడినవి. ఆకాశమంతటికిని ఇట్లే పటము వ్రాయవచ్చునను తలంపు బలపడినది. 1887లో పారిస్ నగరమున పలుదేశముల శాస్త్రజ్ఞులు సమావేశమై ఆకాశమును పట్టీలుగా విభజించి, 18 వేధశాలలకు పంచియిచ్చిరి.

అన్ని వేధశాలలును మాట నిలుపుకొనలేదు. చిలీ దేశపు శాంటియాగో వేధశాల పాలబడిన పట్టీ ముందుకు సాగలేదు. ఆ పని హైదరాబాదునకు వచ్చినది. ఇక్కడ 1901లో నవాబు జఫర్ జంగ్ తన స్వంత ఎస్టేటులో ఒక వేధశాలను నెలకొల్పియుండెను. 1907లో ఆయన గతించగా, మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించినది; వేధశాల బేగంపేటకు తరలినది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకుగల పట్టీని, కుక్ కంపెనీవారి 8 అంగుళముల దూరదర్శినితో, 1914 మొదలు 1929 వరకు ఇక్కడ చిత్రించిరి. పిమ్మట, జర్మనీలోని పోట్స్‌డాం వేధశాల విడిచిన పట్టీలో, ఉత్తరమున 36 నుండి 39 డిగ్రీల భాగమును 1928 – 1938 నడుమ పూర్తిచేసిరి. 1918లో పోకాక్ మరణించిన తరువాత అధికారియైన భాస్కరన్ ఈ పనిని ముందుకు నడిపెను. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది.

పలక తీయుట పనిలో సగమే. ఒక్కొక్క పలకపై పడునది నాలుగు నిండుచందమామలను వరుసగా పేర్చినంత వెడల్పుగల ఆకాశ భాగము. దానిపై సన్నని గళ్ళు ముద్రించి, సూక్ష్మదర్శినితో ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి, అంకెలను పుస్తకముల కెక్కించవలెను. అన్ని దేశముల పట్టీలును కలిసి 46 లక్షల నక్షత్రముల స్థానములు లెక్కకు వచ్చినవి. కడపటి సంపుటములు 1964 నాటికి గాని వెలువడలేదు. అప్పటికి ఖగోళశాస్త్రము వేరు దారుల పట్టినది. ఇంత శ్రమయు వృథాయే గదా యని పలువురకు తోచినది.

కాని పాత పలకల విలువ శతాబ్దాంతమున తెలియవచ్చినది. ఐరోపావారు 1989లో హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపిరి. అది 1993 వరకు నక్షత్రస్థానములను కొలిచినది. నక్షత్రములు నిజముగా కదలుచున్నవే గాని, ఆ కదలిక కొలది సంవత్సరములలో స్పష్టముగా తేలునది కాదు. అప్పుడు శాస్త్రజ్ఞులు పాత సంపుటములను తెరచి, ఆ స్థానములను ఉపగ్రహపు కొలతలతో పోల్చిరి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రముల గమనము ఇట్లు తేలినది. ఉపగ్రహమునకు చూపు కలదు, కాలము లేదు. ఆ కాలమును బేగంపేట రాత్రులవంటివి ఇచ్చినవి.

ఆ రాత్రులు మరల రావు. నగరము పెరిగి దీపములు చుట్టుముట్టగా, విశ్వవిద్యాలయమువారు 50 కిలోమీటర్లకు మించిన దూరమున, జాపాల్, రంగాపూర్ గ్రామములకడ క్రొత్త వేధశాలను కట్టిరి. 1968లో అక్కడ 48 అంగుళముల దూరదర్శిని నెలకొన్నది. 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును అక్కడనుండి పరిశీలించిరి. నగరము విస్తరించినకొలది ఆ దిక్కునకును వెలుగు ప్రాకినది. నేడు మనదేశమున గాఢమైన చీకటి కొరకు లడఖ్‌లోని హాన్లే గ్రామమునకు, సుమారు 4,500 మీటర్ల ఎత్తునకు, పోవలసియున్నది. 2022లో ఆ ప్రాంతమును చీకటి ఆకాశ సంరక్షణ క్షేత్రముగా ప్రకటించిరి. అక్కడి గ్రామస్థులే దీపములను అదుపుచేసికొని, కొందరు నక్షత్రములను చూపు విద్య నేర్చి, కెమేరాలతో వచ్చువారికి ఆతిథ్యమిచ్చుచున్నారు.

చీకటి యనగా లేమి యని తలచుట మనకు అలవాటు. పల్లెకు దీపము రావలసినదే. అందు సందేహము లేదు. కాని దీపము వెలిగించవలసినది బాటను, ఆకాశమును కాదు. వీధిదీపమునకు పైన ఒక మూత యుంచి వెలుగును నేలకు మరల్చుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు. అట్లు చేసినచో బాటసారికి దారియు, మనుమలకు పాలపుంతయు దక్కును. నూరేండ్లనాటి ఆకాశము మనకు పలకలపై మిగిలినది. నేటి ఆకాశమును రాబోవువారు పలకలపైననే గాక పైకి చూచియు కనుగొనగలుగుట మన చేతిలోనే యున్నది.